పున్నమి నాటి సెలవు

విశ్రాంతి అనే మాటను వైద్యులు వాడినంత తరచుగా మరెవ్వరూ వాడరేమో. జ్వరం వచ్చినా, నడుము పట్టినా, శస్త్రచికిత్స జరిగినా, గుండెపోటు నుంచి కోలుకొంటున్నా మందుల చీటీ చివర ఆ మాట ఒకటి చేరుతుంది. ఏ మందును ఎన్ని పూటలు, ఎన్ని మిల్లీగ్రాములు వేసుకోవాలో వివరంగా చెప్పే మేము, విశ్రాంతిని ఎలా తీసుకోవాలో మాత్రం చెప్పము. రోగి కూడా అడగడు. పని మానితే చాలు, అదే విశ్రాంతి అని ఇద్దరమూ అనుకొంటాము. మంచం మీద పడుకొని, మిగిలిపోయిన పనులను మనసులో లెక్కపెట్టుకొనే మనిషికి ఏపాటి విశ్రాంతి దొరుకుతుందో అలా పడుకొన్న వారందరికీ తెలుసు.

దీనిని గురించి వైద్య కళాశాలలో నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. 1979లో, వైద్యవిద్య మూడవ సంవత్సరంలో ఉండగా, శ్రీలంకలో విద్యార్థి సేవకుడిగా కొన్ని వారాలు గడిపాను. అక్కడ ఒక పున్నమి నాడు దొరికిన సెలవు, తరువాత నలభై ఏళ్ళ వైద్యవృత్తిలో నన్ను కాపాడిందని నా నమ్మకం. ఆ రోజును గురించి, దాని నుంచి నేను గ్రహించిన దానిని గురించి పాఠకులకు చెప్పాలని ఈ వ్యాసం.

శ్రీలంకలో సర్వోదయ శ్రమదానోద్యమం 1958లో మొదలయింది. కొలంబోలోని నలందా కళాశాలలో ఉపాధ్యాయులుగా ఉన్న ఎ. టి. అరియరత్నె గారు తమ విద్యార్థులను వెనుకబడిన ఒక పల్లెకు తీసుకొనిపోయి, ఊరివారితో కలిసి బావులు, దారులు బాగుచేయించారు. గాంధీజీ, వినోబా భావేల ఆలోచనలు ఆయనకు ప్రేరణ. వినోబా గారి భూదానోద్యమం 1951 ఏప్రిల్‌లో అప్పటి మన నల్లగొండ జిల్లా పోచంపల్లిలో పుట్టిన సంగతి తెలుగువారికి చెప్పనక్కరలేదు. పోచంపల్లి పాదయాత్రలో వినోబా గారి వెంట నడిచిన ఒక పెద్దాయన మా కుటుంబానికి ఆప్తులు. వారి ఉత్తరం చేతపట్టుకొని నేను ఆ దేశానికి ప్రయాణమయ్యాను.

ఆ రోజులలో విమానం ఎక్కనవసరం లేకుండానే లంకకు పోవచ్చును. మదరాసు నుంచి రామేశ్వరానికి రైలు, అక్కడి నుంచి తలైమన్నారుకు ఓడ, మళ్ళీ రైలులో అనురాధపురం. ఆ ఓడ 1984లో ఆగిపోయింది. అనురాధపురానికి తూర్పున, మిహింతలేకు వెళ్ళే దారికి కాస్త లోపలగా ఉన్న ఒక పల్లెలో మా శిబిరం. జూలై మధ్యలో చేరాను. ఊరికి ఒక చెరువు, దాని కట్ట మీద మద్దిచెట్లు, కట్ట దిగువన వరిమళ్ళు, నీరు తగ్గిన చెరువులో కొంగలు. చెరువును వారు ‘వెవ’ అంటారు. ఆ దృశ్యం మా తెలంగాణలోని ఏ పల్లెలోనైనా కనబడేదే గనుక పరాయి దేశానికి వచ్చాననే భావం నాకు కలుగలేదు.

శిబిరంలో ఒకరినొకరు పేర్లతో కాక బంధుత్వంతో పిలుచుకోవడం నియమం. సింహళంలో ‘అక్కా’ అంటే అక్కే, ‘అమ్మా’ అంటే అమ్మే. కాని ‘అయ్యా’ అంటే అన్న. తమ్ముడిని ‘మల్లీ’ అంటారు. వయసులో చిన్నవాడిని గనుక నేను అందరికీ మల్లీనయ్యాను. శిబిరానికి పెద్ద, ఉద్యోగ విరమణ చేసిన ఒక బడిపంతులు గారు. ఆయనను ‘గురుతుమా’ అనేవాళ్ళము. మందుల గది చూసే పెద్దాయన ముస్లిం. అక్కడి ముస్లింల వాడుకలో అన్నను ‘నానా’ అంటారు గనుక ఆయన అందరికీ నానా. ఆయన మాట్లాడేది తమిళం. మదరాసులో చుట్టాలున్నందువల్ల నాకూ కొంత తమిళం వచ్చును.

తెల్లవారుజామున ఐదింటికి లేచి, పార, గంప పట్టుకొని చెరువు కాలువలో పూడిక తీసేవాళ్ళము. పది దాటగానే నేను నానా వెంట ఇల్లిల్లూ తిరిగేవాడిని. మా పని మలేరియా. ‘ఈ నెలలో ఎవరికైనా జ్వరం వచ్చిందా?’ అని అడగడం, వచ్చిందన్నవారి వేలికొసన సూదితో గుచ్చి ఒక్క బొట్టు రక్తాన్ని గాజుపలక మీద పూత పూయడం, పేరు, వయసు, ఇంటి గుర్తు రాయడం, క్లోరోక్విన్ మాత్రలు మింగించడం. రోజుకు ముప్పై నలభై పలకలయ్యేవి. రాత్రి లాంతరు వెలుగులో వాటిని సర్ది, పట్నంలోని ప్రయోగశాలకు పంపడానికి పెట్టెలో పెట్టేవాళ్ళము. ఆదివారాలు బడిపిల్లలకు, ఉద్యోగులకు సెలవు గనుక ఆనాడు శ్రమదానానికి జనం ఎక్కువ వచ్చేవారు. అందుచేత మాకు ఆదివారం మరింత పని. నేను వచ్చేనాటికి ఆషాఢ పున్నమి దాటిపోయింది. మూడు వారాలకు పైగా ఒక్క రోజు కూడా తెరపి లేకుండా గడిచింది.

వైద్య విద్యార్థిని కదా, నా నాడిని నేనే రోజూ ఉదయం పక్క మీద నుంచి లేవకముందే లెక్కించి దినచర్య పుస్తకంలో రాసుకొనేవాడిని. వచ్చిన మొదటి వారం నిమిషానికి 66. మూడవ వారం చివరకు 84. జ్వరం లేదు, రక్తహీనత చిహ్నాలు లేవు. రాత్రి ఒళ్ళు తెలియని నిద్ర పట్టవలసినవాడికి నిద్ర పట్టడం మానింది. అన్నం రుచించడం లేదు. మాట్లాడేవారి మాట సగంలో ఉండగానే నా మనసు తరువాతి ఇంటికి పోయేది. అలసట శరీరంలో దాచుకోవడానికి చోటు లేనప్పుడు గుండె వేగంలోనూ, నిద్రలోనూ, ఓర్పులోనూ బయటపడుతుందని తరువాతి కాలంలో వందలమంది రోగులలో చూశాను. మొదట చూసింది నా దినచర్య పుస్తకంలోనే.

ఆగస్టు నెల పున్నమి వచ్చింది. దానిని వారు ‘నికిణి పోయ’ అంటారు. బౌద్ధులకు ప్రతి పున్నమీ ఉపోసథ దినం. బుద్ధుని కాలం నుంచి వస్తున్న ఆ ఉపోసథమనే మాటే సింహళంలో అరిగి ‘పోయ’ అయింది. శ్రీలంకలో ప్రతి పున్నమి నేటికీ ప్రభుత్వ సెలవే. 1966 నుంచి 1971 వరకు ఆ దేశంలో ఆదివారం సెలవును తీసివేసి, చంద్రుని నాలుగు దశలను బట్టి వచ్చే పోయ దినాలనే వారపు సెలవులుగా పాటించారు. ఆ వారం కొన్నిసార్లు ఏడు రోజులకు, కొన్నిసార్లు ఎనిమిది రోజులకు రావడం, తక్కిన ప్రపంచంతో లెక్క కుదరకపోవడం వల్ల ఆదివారం మళ్ళీ వచ్చింది. పున్నమి సెలవు మాత్రం నిలిచింది.

ముందునాటి రాత్రి గురుతుమా అందరినీ కూర్చోబెట్టి రేపు పారలు, గంపలు, గాజుపలకలు ముట్టరాదని చెప్పారు. నాకు ఊరట కలిగిన మాట నిజం. ఆ ఊరటతో పాటు ఒక సందేహం కూడా కలిగింది. దోమలకు పున్నమి తెలియదు, జ్వరానికి సెలవు లేదు, మరి రేపు ఎవరికైనా జ్వరం వస్తే? ఆ సందేహాన్ని ఆయనతో అన్నాను. ఆయన నవ్వలేదు, ధర్మోపన్యాసమూ చేయలేదు. మందుల గది గోడకు వేలాడుతున్న పలక దగ్గరకు నన్ను తీసుకొనిపోయారు. నిలువుగా నాలుగు గీతలు గీసి ఉన్నాయి. శుక్రవారం మధ్యాహ్నం నానా నమాజుకు వెళ్ళినప్పుడు ఎవరు, పోయ నాడు ఎవరు, నెలలో మరో రెండు సెలవు పూటలు ఎవరు అని రాసి ఉంది. పోయ కింద నానా పేరు.

“మల్లీ, రేపు నానా కాపలా. ఆయన శుక్రవారం నేను కాపలా. రేపు నీకు మందుల గదిలో పని లేదు, ఎందుకంటే అక్కడ మనిషి ఉన్నాడు” అన్నారు గురుతుమా.

అంతే. ఆ రాత్రి నేను నిద్రపోయాను.

మర్నాడు లేచేసరికి ఊరు తెల్లగా ఉంది. ఆడవారు, మగవారు, పిల్లలు అందరూ తెల్లని బట్టలు. ఆనాడు మద్యం, మాంసం అమ్మరు. పెద్దవారు విహారంలో అష్టశీలం తీసుకొని, మధ్యాహ్నం తరువాత అన్నం ముట్టక, రావిచెట్టు కింద చాప మీద కూర్చొని ఆ పూటంతా గడుపుతారు. మా శిబిరంలో ఎవరికీ ఆ నియమాలను పాటించాలనే నిర్బంధం లేదు. కొబ్బరిపాలతో వండిన ‘కిరిబత్’ అన్నం ముక్కలుగా కోసి అరిటాకులో పెట్టారు. పంచదార లేని తేనీటితో పాటు, జీలుగు చెట్టు కల్లుతో చేసిన బెల్లం ముక్క ఇచ్చారు. ఆ బెల్లాన్ని కొరుకుతూ తేనీరు తాగాలి. మూడు వారాలుగా రోజూ తాగుతున్న ఆ తేనీటికి ఒక రుచి ఉందని నాకు తెలిసింది ఆనాడే.

చెరువులో స్నానం చేశాను. అరచేతుల పొక్కులు నీటిలో నానుతుంటే చల్లగా ఉండేది. ఆ తరువాత పడుకోలేదు. గురుతుమా, మరో ఇద్దరు విద్యార్థులతో కలిసి నెమ్మదిగా మిహింతలే వైపు నడిచాను. జూన్‌లో వచ్చే పొసొన్ పున్నమికి అక్కడ లక్షల జనం చేరుతారు. అశోకుని కుమారుడు మహిందుడు బౌద్ధాన్ని ఆ దేశానికి తెచ్చింది ఆ కొండ మీదనే అని వారి విశ్వాసం. నికిణి నాడు అంత సందడి లేదు. తామరలు, నీలికలువలు పళ్ళెంలో పెట్టుకొన్న కుటుంబాలు తొందర లేకుండా మెట్లెక్కుతున్నాయి.

నేను మెట్ల మొదట్లోనే ఆగిపోయాను. కొండ పాదాన ఒక ప్రాచీన వైద్యశాల శిథిలాలు ఉన్నాయి. 9వ శతాబ్దం నాటిది. నడుమ ముంగిలి, దాని చుట్టూ చిన్న చిన్న గదుల పునాదులు. అక్కడ ఒకే రాతిని మనిషి ఆకారంలో తొలిచి చేసిన తొట్టి ఉంది. తలకు, భుజాలకు, నడుముకు, కాళ్ళకు సరిపోయేటట్లు లోపల మలిచారు. అందులో రోగిని పడుకోబెట్టి ఔషధ తైలాలు, కషాయాలు నింపేవారట. ఆ తొట్టి ముందు చాలాసేపు నిలబడ్డాను. వెయ్యి సంవత్సరాలకు పూర్వం ఒక వైద్యుడు, రోగి కదలకుండా ఉండవలసిన సమయాన్ని కూడా చికిత్సలో భాగంగా ఎంచి, దానికోసం రాతినే తొలిపించాడు. పడుకొన్న రోగి తనకు తాను ఏమీ చేసుకోలేడు. తైలం వేడి చూడడానికి, పోయడానికి, లేపడానికి పక్కన మరొక మనిషి ఉండి తీరాలి. ఆ తొట్టిని చూస్తే పడుకొన్నవాడి కంటే నిలుచున్నవాడే నాకు ఎక్కువగా కనబడ్డాడు. ముందునాటి రాత్రి చూసిన పలకకు, ఈ తొట్టికి సంబంధం ఉందని తోచింది.

మధ్యాహ్నానికి తిరిగివచ్చి, భోజనం చేసి, మందుల గది వసారాలో చాప వేసుకొని పడుకొన్నాను. లోపల నానా సీసాలు తుడుచుకొంటున్నారు. కన్ను మూతపడుతున్న వేళ ఒక పసిబిడ్డ ఏడుపు, దానితో పాటు ఒక తల్లి ఊరడింపు వినబడింది. నేను దిగ్గున లేచి కూర్చొన్నాను. ఆమె బిడ్డను తెలుగులో ఊరడిస్తున్నది.

శ్రీలంకలో తెలుగు మాట్లాడే సంచార జాతి ఒకటి ఉందని చాలామందికి తెలియదు. పాములాడించడం, కోతులను ఆడించడం, చేయి చూసి జోస్యం చెప్పడం వారి వృత్తులు. సింహళీయులు వారిని ‘అహికుంటక’ అంటారు. గాడిదల మీద సామాను వేసుకొని ఊరూరా తిరుగుతూ, చెరువుల పక్కన తాళపత్రాల గుడిసెలు వేసుకొని ఉండేవారు. అనురాధపురం జిల్లాలోని కూడాగమ వంటి ఊళ్ళలో వారిలో కొందరు స్థిరపడ్డారు. బయటివారితో సింహళం, తమిళం మాట్లాడినా, తమలో తాము మాట్లాడుకొనేది తెలుగే. తరతరాలుగా మన నేలతో రాకపోకలు లేకున్నా ఆ భాష వారి నోట నిలిచి ఉంది.

బిడ్డకు రెండేళ్ళు ఉంటాయి. ఒళ్ళు కాలిపోతున్నది. నేను తెలుగులో ‘ఎన్నాళ్ళ నుంచి జ్వరం?’ అని అడిగాను. ఆమె నా వైపు చూసి, నానా వైపు చూసి, మళ్ళీ నా వైపు చూసింది. తరువాత నవ్వింది. రోజు విడిచి రోజు చలి పెట్టి వస్తున్నదని చెప్పింది. వైవాక్స్ మలేరియాలో 48 గంటలకొకసారి జ్వరం రావడం పాఠ్యపుస్తకంలో చదువుకొన్నదే. నా చేయి అలవాటుగా సూది డబ్బా వైపు పోయింది. నానా దానిని తన వైపు జరుపుకొని, “తంబీ, సూది నా పని. నీవు ఆమెతో మాట్లాడుతూ ఉండు, చాలు” అన్నారు.

ఆయన వేలు గుచ్చి పూత తీశారు. మాత్రను పొడి చేసి, చేదు తెలియకుండా బెల్లం నీటిలో కలిపి, బిడ్డ బరువుకు తగిన మోతాదు తాగించారు. కక్కితే మళ్ళీ ఇవ్వాలి గనుక అరగంట ఉండమన్నారు. ఆ అరగంటసేపు నేను, ఆమె వసారాలో కూర్చొని మాట్లాడుకొన్నాము. ఆమె మాటలలో కొన్ని నాకు తెలియలేదు, నా మాటలలో కొన్ని ఆమెకు తెలియలేదు. మా ఊరు ఎక్కడ అని అడిగింది. సముద్రానికి అవతల, పేరు చెప్పినా ఆమెకు పోల్చుకోవడానికి ఏమీ లేదు. మా అమ్మ నాతో ఇలాగే మాట్లాడుతుందా అని అడిగింది. అవునన్నాను. అలా మాట మీద మాట వచ్చి, చెరువు అవతలి గట్టున వారి గుడిసెలలో మరి ముగ్గురు పిల్లలకు ఇలాంటి జ్వరమే ఉందని చెప్పింది. రక్తం తీసేవారు వస్తే ఊరి నుంచి పంపించివేస్తారేమోనన్న భయంతో మగవారు ఆ మాట ఎవరికీ చెప్పవద్దన్నారట.

పనిరోజున రక్తపు పలకలు లెక్కపెట్టుకొంటూ తిరిగే మనిషికి ఆ మాట వినబడే అవకాశం తక్కువ. ఆనాడు నాకు పోవలసిన ఇల్లు మరొకటి లేదు. చెవి ఖాళీగా ఉంది. మర్నాడు తెల్లవారగానే నానా, నేను, ఆమె తోడుగా ఆ గుడిసెలకు వెళ్ళాము. ఎవరినీ ఎక్కడికీ పంపబోమని నానా వారికి మాట ఇచ్చారు. పిల్లల పూతలు తీశాము, మందు ఇచ్చాము. కొన్ని రోజులకు పట్నం నుంచి వచ్చిన ఫలితాలలో ఆ బిడ్డతో సహా ముగ్గురి రక్తంలో వైవాక్స్ పరాన్నజీవులు ఉన్నట్లు తేలింది. నాలుగవ పిల్లవాడిది మామూలు జలుబు. అందరూ కోలుకొన్నారు. ఆ మర్నాటి ఉదయం నా నాడి 68.

ఇక్కడ పాఠకులు ఒక ప్రశ్న వేయవచ్చు. విశ్రాంతి ఇంత మంచిదైతే, అదే దేశంలో మలేరియా విశ్రాంతి వల్లనే కదా తిరిగివచ్చింది అని. ఆ చరిత్ర తెలుసుకోదగినది. 1934-35లో వచ్చిన మలేరియా ఉపద్రవంలో ఆ ద్వీపంలో సుమారు 80,000 మంది మరణించారు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఇంటింటా డీడీటీ చల్లడంతో వ్యాధి వేగంగా తగ్గింది. 1963లో దేశం మొత్తం మీద నమోదైన కేసులు కేవలం 17. గెలిచామనుకొని మందు చల్లడం ఆపారు, జ్వరపీడితుల రక్తపరీక్షలు సడలాయి, సొమ్ము, సిబ్బంది తగ్గాయి. ఐదారేళ్ళు గడిచేసరికి 1969 ఒక్క సంవత్సరంలోనే 5 లక్షలకు మించిన కేసులు వచ్చాయి. నేను వెళ్ళేనాటికి డీడీటీకి దోమలు లొంగడం మానినందున మలాథియాన్ చల్లుతుండేవారు. ఆ మందు వాసన ప్రతి ఇంటి గోడకూ ఉండేది.

1963 తరువాత జరిగినదానిని నేను విశ్రాంతి అనను. అది కాపలా ఎత్తివేయడం. గురుతుమా పలక మీద సెలవు గడిలో సెలవు తీసుకొనే మనిషి పేరు లేదు, మేలుకొని ఉండే మనిషి పేరు ఉంది. ఆ సెలవుకు మొదలూ తుదీ ఉన్నాయి. రేపటి ఉదయం ఎవరు పనిలోకి రావాలో ఈ రాత్రే తెలుసు. ఈ మూడింటిలో ఏది లోపించినా సెలవు నిర్లక్ష్యంగా మారుతుంది. ఈ మూడూ ఉంటే, సెలవు పనికి శత్రువు కాదు. ఆ దేశం తరువాతి దశాబ్దాలలో, అంతర్యుద్ధం నడుమ కూడా, జ్వరాల మీద నిఘాను వదలకుండా పనిచేసింది. 2012 తరువాత 2016 వరకు అక్కడ స్థానికంగా మలేరియా సోకినవారు లేరు. 2016 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ శ్రీలంకను మలేరియా లేని దేశంగా ప్రకటించింది. ఆ పని చేసిన వేలమంది సిబ్బంది నిద్రాహారాలు మానినవారు కారు. వంతులు వేసుకొని దశాబ్దాల పాటు నిలిచినవారు.

చదువు ముగించి నేను ఒక తాలూకా పట్టణంలో వైద్యం మొదలుపెట్టినప్పుడు, అక్కడ మేము నలుగురు వైద్యులము. నలుగురికీ రాత్రి, పగలు, పండుగ, పబ్బం తేడా లేదు. ఒక ఏడాది గడిచాక మిగిలిన ముగ్గురినీ మా ఇంటికి భోజనానికి పిలిచి, ఆదివారాలను వంతులుగా పంచుకొందామని ప్రతిపాదించాను. రోగులు చేయి జారిపోతారని ఇద్దరు సందేహించారు. కొన్ని నెలల తరువాత ఒప్పుకొన్నారు. నెలకు మూడు ఆదివారాలు ఖాళీ, ఒక ఆదివారం నలుగురి రోగులనూ ఒకరే చూడాలి. ఆ ఏర్పాటు ఇరవై రెండు సంవత్సరాలు నడిచింది. పొరుగు పట్టణంలో ఒంటరిగా వైద్యశాల నడిపిన నా సహాధ్యాయి ఒకరు మాత్రం అటువంటి ఏర్పాటుకు ఎన్నడూ ఇష్టపడలేదు. ‘నేను లేకపోతే ఎలా?’ అనేవాడు. నలభై తొమ్మిదవ ఏట గుండెపోటుతో పోయాడు. అతనికి పొగతాగే అలవాటు, కుటుంబంలో గుండెజబ్బు కూడా ఉన్నాయి. పని ఒక్కటే కారణమని ఒక వైద్యుడిగా నేను చెప్పజాలను. కాని అతను చివరిసారి ఒక రోజంతా సెలవు తీసుకొన్నది ఎప్పుడో అతని భార్యకు కూడా గుర్తుకు రాలేదు.

శాస్త్రం ఈ విషయంలో ఇప్పుడు స్పష్టంగానే మాట్లాడుతున్నది. ఎడతెగకుండా 17 గంటలు మెలకువగా ఉన్నవారి చేతికీ కంటికీ మధ్య సమన్వయం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి దిగుతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించారు. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ప్రకటించిన అంచనా ప్రకారం, వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోల్చితే, 55 గంటలు లేక అంతకు మించి పనిచేసేవారిలో పక్షవాతం ముప్పు సుమారు 35 శాతం, హృద్ధమనుల వ్యాధితో మరణించే ముప్పు సుమారు 17 శాతం అధికం. ఇవి జనసమూహాలకు సంబంధించిన లెక్కలు. ఒక్కొక్క మనిషికి ఏమవుతుందో ఇవి చెప్పవు. అయినా జాగ్రత్తపడడానికి ఇవి చాలు.

ఇప్పుడు విదేశాలకు సేవాకార్యక్రమాల మీద వెళ్ళే మన పిల్లలు చాలామంది ఉన్నారు. వారికీ, వారి తల్లిదండ్రులకూ ఒక మాట. వెళ్ళిన చోట వారానికి ఏ రోజు సెలవో, ఆ రోజు మీ బాధ్యత ఎవరు చూస్తారో వెళ్ళకముందే అడిగి తెలుసుకోండి. ఆ సెలవును అక్కడివారు ఎలా గడుపుతారో అలాగే గడపడానికి ప్రయత్నించండి. ఊరంతా ఒకేసారి నెమ్మదించిన నాడు మనసు నెమ్మదించడం తేలిక. మరో పట్టణం చూడాలని రాత్రంతా బస్సులో ప్రయాణం చేస్తే అది విహారం కావచ్చును, విశ్రాంతి కాదు. ఉదయం లేవగానే నాడి చూసుకొనే అలవాటు చేసుకోండి. మామూలు కంటే పది పన్నెండు ఎక్కువగా వరుసగా కొన్ని రోజులు ఉంటే, లేదా నిద్ర, ఆకలి, ఓర్పు మూడూ కలిసి తగ్గితే, సెలవు అడగండి. ఆ వేగంతో పాటు జ్వరం, దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం, చేతుల వణుకు ఉంటే అది అలసట అని సరిపెట్టుకోక వైద్యుని చూడండి. మలేరియా ఉన్న దేశం నుంచి తిరిగివచ్చిన వారికి, నెలల తరువాత జ్వరం వచ్చినా రక్తపరీక్ష తప్పనిసరి. వైవాక్స్ పరాన్నజీవి కాలేయంలో నిద్రాణంగా ఉండి చాలా కాలానికి మేలుకొనగలదు.

ఇంతకంటే ముఖ్యమైన మాట, ఇంటి వద్దనే సేవ చేస్తున్నవారి గురించి. పక్షవాతంతో మంచం పట్టిన మామగారికి, మతిమరుపు వచ్చిన తల్లికి, కేన్సర్ చికిత్సలో ఉన్న భర్తకు ఏళ్ళ తరబడి సేవ చేసేవారు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. వారిని మనం ఎంతో మెచ్చుకొంటాము. ‘కాస్త విశ్రాంతి తీసుకోమ్మా’ అని కూడా అంటాము. ఆ మాట ఆమెకు ఎందుకూ పనికిరాదు, ఎందుకంటే మంచం పక్కన మరొక మనిషి లేరు. అలాంటి ఇల్లు మీకు తెలిస్తే, సలహా ఇవ్వకండి. వారంలో ఏదో ఒక పూట, ఫలానా రోజు, ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు నేను కూర్చుంటానని చెప్పి వెళ్ళండి. మందుల వేళలు, తినిపించే పద్ధతి, ఒత్తిగిలజేసే తీరు ముందే అడిగి కాగితం మీద రాసుకోండి. చెప్పిన గంటకు చేరుకోండి. ఆమె పక్క గదిలో పడుకొన్నా సరే, గుడికి వెళ్ళినా సరే, ఊరికే వీధి అరుగు మీద కూర్చొన్నా సరే, ఎందుకని అడగవద్దు. వచ్చేవారం కూడా అదే గంటకు వస్తానని చెప్పి, గోడ మీద కేలండరులో మీ పేరు రాసి రండి.